రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన మన వైపు ఎయిర్‌ఫోర్స్ వాళ్ల వారసుల్ని వెతకడం ఎలా? (స్మారక శిల కోసం)

ఖిలా_తోరణం అడిగారు:

అందరికీ నమస్కారం. హనుమకొండలో చిన్న స్మారక శిల పెట్టే పనిలో ఉన్నాం. రెండో ప్రపంచయుద్ధంలో వాయుసేన ఉద్యోగంలో ఉండి చనిపోయిన పాత వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవాళ్ల పేర్లు దాని మీద చెక్కించాలి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ప్రపంచయుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులు, స్మారకాలు చూసే సంస్థ) వెబ్‌సైట్లో వెతికితే పది లోపు పేర్లు తేలాయి. కొన్నిటి పక్కన తండ్రి పేరూ ఊరూ ఉన్నాయి, కొన్నిటి పక్కన ఏమీ లేదు. ఆవిష్కరణకి ఆ కుటుంబాలని పిలవాలి, పేరు తెలుగులో ఎలా రాయాలో వాళ్లనే అడగాలి. అందుకే బతికున్న బంధువుల కోసం వెతుకుతున్నాం.

ఎక్కడ ఆగిపోయామంటే, ఒక ఎంట్రీ ఇలా ఉంది (పేర్లు మార్చి రాస్తున్నా): "రాజయ్య, తండ్రి సాయన్న, కొత్తపల్లి, హైదరాబాద్". ఇంటిపేరు లేదు. కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఇంకో రెండు ఇంగ్లీషు పేర్లు, తల్లిదండ్రులది కాజీపేట అని ఉంది. "హైదరాబాద్ స్క్వాడ్రన్" అని ఉన్నవాళ్లని కూడా కలపాలని మాలో ఒకరి పట్టు. ఫేస్‌బుక్‌లో పోస్టు పెడితే చాలని ఇంకొకరి మాట. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

---

రికార్డు_గది జవాబు:

ముందు హైదరాబాద్ స్క్వాడ్రన్ సంగతి తేల్చుకోండి, లేకపోతే రాయి మీద మనవాళ్లు కానివాళ్లు ఎక్కుతారు. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 110, 152, 253 స్క్వాడ్రన్ల పేర్లలో హైదరాబాద్ ఉంది. దానికి కారణం నిజాం ఇచ్చిన సొమ్ము. 110కి 1918లోనే డీహెచ్-9ఏ విమానాలు ఆయన ఖర్చుతో వచ్చాయి. 152, 253 స్క్వాడ్రన్లు 1939లో మళ్లీ ఏర్పడి, 1940లో ఇంగ్లండ్ మీద జరిగిన గగనయుద్ధంలో పాల్గొన్నాయి. ఆ తర్వాత 152 స్పిట్‌ఫైర్లతో బర్మా వైపు వచ్చింది. 110 వెంజెన్స్ విమానాలతో బర్మా మీద దాడులు చేసింది. వీటిలో ఎగిరినవాళ్లు బ్రిటన్‌వాళ్లు, కామన్వెల్త్ దేశాలవాళ్లు. పేరు మనది, మనుషులు కారు. 19వ హైదరాబాద్ రెజిమెంటుదీ ఇదే కథ. అందులో ఉన్నది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మార్చారు. యూనిట్ పేరు చూసి ఎవరినీ కలపకండి, తీసెయ్యకండి. ఊరు చూడాలి.

ఊరి దగ్గర ఇంకో గుంట ఉంది. కమిషన్ ఎంట్రీలో ఉత్త "హైదరాబాద్" అని ఉంటే అది సింధ్ హైదరాబాద్ కూడా కావచ్చు. యుద్ధకాలం నాటికి అది కూడా అవిభక్త భారతంలోనిదే కదా. "దక్కన్" అన్న మాట ఉంటే నిశ్చింత. లేకపోతే తండ్రి పేరు, ఊరి పేరు రెండూ మన వైపువేనా అని చూశాకే ముందుకు వెళ్లాలి.

మీ వెతుకులాట పద్ధతిలోనే లోపం ఉందేమో కూడా చూసుకోండి. ఇంటిపేరు గడిలో మనవాళ్ల అసలు పేరే పడి ఉంటుంది. "రాజయ్య" అన్నదే అక్కడ ఇంటిపేరు. ఇంటిపేరుతో వెతికితే ఒక్కరూ దొరకరు. ‘అడ్వాన్స్‌డ్ సెర్చ్’లో సర్వీసు దగ్గర ఎయిర్ ఫోర్స్, ఏ దేశ సేన అన్న దగ్గర ఇండియన్ పెట్టి, ‘అడిషనల్ ఇన్ఫర్మేషన్’ గడిలో ఊరి పేరు ఒక్కటే కొట్టండి. స్పెల్లింగు మార్చి మార్చి కొట్టాలి. హనుమకొండకే నాలుగు రకాల స్పెల్లింగులు కనిపిస్తాయి. మహబూబాబాద్ మానుకోటగా ఉండొచ్చు, కాగజ్‌నగర్ పాత పేరు కొత్తపేటగా ఉండొచ్చు. వచ్చిన ఫలితాలన్నీ ఎక్సెల్ షీటుగా దింపుకుని, అక్కడ వడపోసుకోవడం తేలిక. ‘అడిషనల్ ఇన్ఫర్మేషన్’ గడి ఖాళీగా ఉందంటే మనిషికి ఎవరూ లేరని అర్థం కాదు. అప్పట్లో కుటుంబం వివరాలు కమిషన్ దాకా చేరలేదు, అంతే.

పేరు ఏ స్మారకం మీద ఉందో అది కూడా సమాచారమే. బర్మా మీద విమానం కూలి దేహం దొరకని ఎయిర్‌మన్ పేరు రంగూన్ మెమోరియల్‌లో వెతుకుతారు చాలామంది. అది పదాతి, ఫిరంగి వగైరా భూసేనలది. దక్షిణాసియా, తూర్పు ఆసియా ఆకాశంలో జాడ తెలియకుండా పోయిన ఎయిర్‌మన్లందరి పేర్లూ సింగపూర్‌లో క్రాంజీ దగ్గరున్న సింగపూర్ మెమోరియల్ స్తంభాల మీద ఉంటాయి. బేగంపేటలో శిక్షణలో ఉండగానో, జబ్బు చేసో ఇక్కడే చనిపోయి దహనమైనవాళ్ల పేర్లు చాలావరకు ఢిల్లీ, కరాచీ 1939–1945 స్మారకాల జాబితాలోకి వెళ్లాయి. రెండు చోట్లా అదే జాబితా, రెండుసార్లు లెక్కపెట్టకండి. కమిషన్ లెక్కలో రెండో ప్రపంచయుద్ధం 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా. కాబట్టి 1946లో పోయినవాళ్లు కూడా అందులో ఉంటారు. మీ రాయి కూడా అదే లెక్క పాటిస్తుందో లేదో ముందే తేల్చుకోండి.

ఇక అసలు విషయం. పేరు పట్టుకుని వెతకొద్దు, సర్వీస్ నంబరు పట్టుకోండి. పేరు పది రకాలుగా రాస్తారు, నంబరు మారదు. ఆఫీసర్ అయితే నంబరు ముందు ‘ఐఎన్‌డీ’ అని ఉంటుంది. మీ జాబితాలో ఎక్కువమంది ఫిట్టర్లు, ఆర్మరర్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు లాంటి నేల మీది పనివాళ్లే అయ్యుంటారు. పైలట్లయితే పుస్తకాలకెక్కారు, వీళ్లకి ఆ భాగ్యం లేదు.

నంబరు చేతికొచ్చాక న్యూఢిల్లీ సుబ్రతో పార్కులోని ఎయిర్ ఫోర్స్ రికార్డ్ ఆఫీసుకి రాయండి. అడగాల్సింది మూడే ముక్కలు: చేరేటప్పుడు రాయించిన ఊరు, తాలూకా, దగ్గరి బంధువు పేరు. "పూర్తి సర్వీసు రికార్డు ఇవ్వండి" అని అడిగితే ఫైలు పక్కన పడుతుంది. ఉత్తరానికి ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు కింద వెళ్లండి. కేంద్ర దరఖాస్తుకి 10 రూపాయలు, గడువు 30 రోజులు. మూడో వ్యక్తి సొంత వివరాలంటూ తిప్పి పంపుతారన్నది తెలిసిన సంగతే. అందుకని ఆ చట్టం సెక్షన్ 8(3)ని దరఖాస్తులోనే ప్రస్తావించండి. 20 ఏళ్లు దాటిన సంగతులకి, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ అడ్డు వర్తించదని అందులో ఉంది. మనిషి చనిపోయి 80 ఏళ్లయిందనీ, కమిషన్ ఎంట్రీయే దానికి రుజువనీ చెప్పి ప్రింటు జతచేయండి. అయినా కాదంటే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ఒక దరఖాస్తులో ఒక్క మనిషి గురించే అడగాలి. జాబితా మొత్తం ఒకేసారి పంపితే ఒక్కరి ఫైలు దొరక్కపోయినా మొత్తానికి "లభ్యం కాలేదు" అని వచ్చేస్తుంది.

---

గిర్దావర్_సర్కిల్ జవాబు:

పై అన్న ఢిల్లీ దారి చెప్పిండు, నేను ఊరి దారి చెప్త.

కొత్తపల్లి అనంగనే ఇయ్యాల్టి మ్యాప్ తెరవకుండ్రి. ఆ కాయితం రాసిననాడు మండలాలు లేవు. మండలాలు వచ్చింది ఎన్టీఆర్ టైములనే. 1953 దాకా ఖమ్మం కూడా వరంగల్ జిల్లానే. 2016ల పది జిల్లాలను ముప్పై ఒకటి చేసిండ్రు, తర్వాత ఇంక రెండు పెరిగినయ్. 2021ల వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంటే "వరంగల్ జిల్లా" అని రాసున్న మనిషి ఊరు ఇప్పుడు జనగామల ఉండొచ్చు, ములుగుల ఉండొచ్చు, ఖమ్మంల కూడ ఉండొచ్చు. ముందుగాల పాత తాలూకా పట్టుకోవాలె. పాత తాలూకాలవారీగా ఊర్ల జాబితా తీస్కొని, ఆ పేరున్న ఊర్లన్నీ ఒక కాయితం మీద రాస్కోండ్రి.

తర్వాత ఖాస్రా పహాణీ. 1954–55ల తయారైన రికార్డు, తెలంగాణల భూమి పంచాయితీ ఏదొచ్చినా ఆడికే పోతరు. తహసీల్ ఆఫీసుల నకలు అడగొచ్చు. అది మన పనికి ఎందుకు పనికొస్తదంటే, మనిషి 1943ల చచ్చిపోతే పదేండ్ల తర్వాతి రికార్డు ఇది. తండ్రి సాయన్న బతికుంటే ఆయన పేరే పట్టాదారు గడిల ఉంటది. లేకుంటే అన్నదమ్ముల పేర్లు "వల్ద్ సాయన్న" అని ఉంటయ్. వల్ద్ అంటే ఫలానాయన కొడుకు అని. నాలుగు కొత్తపల్లులల్ల ఏ ఊర్ల "వల్ద్ సాయన్న" అని ఇద్దరు ముగ్గురు కనిపిస్తరో ఆడ మొదలుపెట్టుండ్రి. భూమి లేనోళ్లయితే ఇది పనిచెయ్యదు. ఎయిర్‌ఫోర్సుల చిన్న కొలువుకు పోయినోళ్లల్ల భూమి లేనోళ్లు ఉండనే ఉంటరు, గది మర్వొద్దు.

నిజాం కాలం కాయితాలు ఉర్దూల ఉంటయ్, అది కూడ గొలుసుకట్టు రాత. నుక్తాలు (అక్షరాల చుక్కలు) పెట్టకుండ రాస్తరు. నుక్తా లేకుంటే ప, బ, త మూడు ఒక్కతీరే కనిపిస్తయ్. పర్కాల బర్కాల అయితది. ట, త తేడా పోతది. ఉర్దూ వచ్చినోళ్లందరు దాన్ని చదవలేరు, పాత దస్తావేజులు రాసిన అలవాటున్న మనిషిని పట్టుకోవాలె. ఊర్ల పేర్ల జాబితా ఆయన ముంగట పెట్టి "ఇండ్ల ఏదైతది" అని అడిగితేనే సరిగ్గ తేలుతది. ఉత్తగ చదవమంటే అందాజగా చెప్తరు.

తారీఖులు ఫస్లీల (నిజాం సర్కారు సంవత్సరాల లెక్క) ఉంటయ్. ఫస్లీ ఏడు అక్టోబరు మొదటి వారంల ఆజుర్ నెలతోని షురువయితది. ఇంగ్లీషు సంవత్సరంల అక్టోబరు మొదటి వారం తర్వాతి తారీఖయితే 590 తీసెయ్యాలె, అంతకు ముందుదయితే 591. అంటే 1943 ఫిబ్రవరి ఫస్లీ 1352ల పడ్తది, 1943 నవంబరు 1353ల పడ్తది. ఈ ఒక్క ఏడు తేడాతోని తప్పు రిజిస్టర్ తీపిచ్చుకొని "మా మనిషి లేడు" అని మర్లిపోతరు.

ఊర్లల్ల చావుపుట్టుకల లెక్క పోలీస్ పటేల్ రాసేది, భూమి లెక్క పట్వారీ రాసేది. ఆ వతన్లు (వంశపారంపర్య కొలువులు) ఎన్టీఆర్ కాలంల రద్దయినయ్ గానీ, కొన్ని ఇండ్లల్ల పాత దఫ్తరాలు (కాయితాల కట్టలు) ఇంక ఉన్నయ్. జనగామ దిక్కు మాత్రం ఆశ పెట్టుకోవద్దు, సాయుధ పోరాటంల గడీలతోని పాటు దఫ్తరాలు కూడ కాలినయ్. మిగిలిన సర్కారు దఫ్తరాలు తార్నాకల స్టేట్ ఆర్కైవ్స్‌ల ఉన్నయ్.

ఊరే లేకపోతే? మానేరు కింద, శ్రీరాంసాగర్ కింద, ఎల్లంపల్లి కింద మునిగిన ఊర్లున్నయ్. సింగరేణి ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊర్లున్నయ్. ఊరు మునిగిందంటే దారి మూసుకపోయిందనుకుంటరు, ఉల్టా అది. నష్టపరిహారం ఇచ్చెటప్పుడు ఇంటింటికి నంబరేసి, కుటుంబ పెద్ద పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు రాసి అవార్డు జాబితా చేసిండ్రు. ఏ కాలనీల ప్లాటు ఇచ్చిండ్రో కూడ అండ్ల ఉంటది. మునగని ఊరికి గింత మంచి జాబితా ఉండది. భూసేకరణ విభాగంల అడగుండ్రి.

---

మడికొండ_బస్టాప్ జవాబు:

ఫేస్‌బుక్ పోస్టు ఇప్పుడే పెట్టొద్దు. తండ్రి పేరు, ఊరు, చనిపోయిన తేదీ అన్నీ పెట్టి "ఎవరైనా బంధువులున్నారా" అని అడిగారంటే, వచ్చేవాళ్లు ఆ వివరాలే మీకు తిరిగి చెప్తారు. ఇక ఎవరిది నిజమో తేల్చుకోడానికి మీ చేతిలో గీటురాయి మిగలదు. సర్వీస్ నంబరు, తండ్రి పేరు, తేదీ ఈ మూడింట్లో కనీసం రెండు బయట పెట్టకుండా దాచుకోండి. కమిషన్ సైట్లో అవన్నీ ఎవరైనా చూడొచ్చు, నిజమే. కానీ పోస్టు చూసి ఫోన్ చేసేవాళ్లలో అక్కడిదాకా వెళ్లేది తక్కువ.

---

కాజీపేట_జంక్షన్ జవాబు:

ఆ రెండు ఇంగ్లీషు పేర్లు ఆంగ్లో-ఇండియన్ రైల్వే కుటుంబాలవి కావచ్చు. వీళ్లకి ఖాస్రా పహాణీ దండగ. ఉన్నది రైల్వే క్వార్టరు, భూమి లేదు. నిజాం స్టేట్ రైల్వేలో డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్ల ఇళ్ల నుంచి వాయుసేనకి వెళ్లడం మామూలే. ఇంజన్ పని తెలిసినవాళ్లు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు.

మొదట చర్చి రిజిస్టర్లు. బాప్తిస్మం రిజిస్టర్లో తండ్రి ఉద్యోగం, తల్లి పుట్టింటి పేరు, సాక్షిగా నిలబడ్డ గాడ్‌పేరెంట్ల పేర్లు దొరకొచ్చు, అన్ని సంఘాల రిజిస్టర్లలో ఇవన్నీ ఉండవు. గాడ్‌పేరెంట్లు సాధారణంగా పిన్నో, మేనమామో. వంశవృక్షంలో ఒక కొమ్మ అడ్డంగా దొరికినట్టే. ఏ సంఘం వాళ్లో తెలియాలి: కాథలిక్కులా, ఆంగ్లికన్లా, హనుమకొండ బాప్టిస్టు మిషన్ వాళ్లా. తెలియకపోతే చనిపోయిన మనిషి సమాధి చూడండి. కమిషన్ కొన్ని ఎంట్రీలకి జతచేసిన స్కాన్లలో, రాతి మీద ఏ గుర్తు చెక్కాలో రాసిన కాగితం ఉంటుంది. ఇక్కడ రిజిస్టర్ దొరకనప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ వాళ్ల ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాసు వైపు చర్చి నకళ్లు ‘ఎన్/2’ అన్న వరసలో ఉన్నాయి. సికింద్రాబాద్ కూడా వాటిలోకే వస్తుంది. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ సైట్లో సూచిక ఉచితంగా వెతకొచ్చు.

సమాధి ఇక్కడ కనిపించకపోతే కంగారు పడొద్దు. దక్షిణ, తూర్పు భారతంలో కంటోన్మెంట్ శ్మశానాల్లో చెదురుమదురుగా ఉన్న యుద్ధకాలపు సమాధులు చాలావాటిని 1952లో చెన్నై నందంబాకంలోని మద్రాస్ వార్ సిమెట్రీకి తరలించారు. పశ్చిమం, మధ్య భారతం వైపువి పుణె కిర్కీకి. మొదట ఎక్కడ పాతిపెట్టారో తరలింపు కాగితంలో ఉంటుంది, చనిపోయిన చోటు దాన్నిబట్టి తెలుస్తుంది.

1947 తర్వాత ఈ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వెళ్లిపోయాయి. అంటే బతికున్న మేనకోడలు పెర్త్‌లోనో లండన్‌లోనో ఉండొచ్చు. అక్కడివాళ్ల వెతుకులాటకి ఒక్క చిట్కా చాలు. ఇంగ్లండ్ జననాల సూచికలో 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి తల్లి పుట్టింటి పేరు కూడా ముద్రించారు. ఇంటిపేరూ, తల్లి పుట్టింటి పేరూ జంటగా పెట్టి ‘ఫ్రీబీఎండీ’ (ఇంగ్లండ్ జనన, వివాహ, మరణ సూచికలు ఉచితంగా వెతికే సైటు)లో వెతికితే అక్కడ పుట్టిన తోబుట్టువుల పిల్లలు వరసగా బయటపడతారు. మామూలు ఇంటిపేరయితే ఇది పనిచేయదు, అరుదైనదయితే గంటలో పని అయిపోతుంది. మనిషి ఆస్ట్రేలియా వాయుసేనలో చేరినవాడైతే ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఏ705’ వరసలో మృతుల ఫైళ్లున్నాయి. వాటిలో తల్లికి రాసిన ఉత్తరాలు, ఆమె చిరునామా మారిన ప్రతిసారీ కొత్త చిరునామా దొరుకుతాయి. బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో అయితే లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఎయిర్ 81’ వరస. 1939 సెప్టెంబరు నుంచి తేదీల క్రమంలో విడుదల చేస్తూ వస్తున్నారు, కాబట్టి మీ మనిషి తేదీ దాకా వచ్చిందో లేదో ముందు కేటలాగులో చూసుకోండి.

---

ఖిలా_తోరణం:

చాలా ఉపయోగం. హైదరాబాద్ స్క్వాడ్రన్ వాళ్లని తీసేశాం. "వల్ద్ సాయన్న" లెక్కన మూడు కొత్తపల్లులు తేలాయి. ఊరికి వెళ్లాక ఎలా అడగాలి? ఇంటిపేరు తెలియకుండా వెళ్తే ఎవరు చెప్తారు? దొరికిన కుటుంబం అసలుదే అని నమ్మకం ఎలా?

---

పెత్రమాస_బియ్యం జవాబు:

ముందు వయసుల లెక్క వేసుకోండి. 1943లో 22 ఏళ్లకి పోయిన మనిషి 1921లో పుట్టాడు. తోబుట్టువులు బతికుండే ఆశ లేదు. వాళ్ల పిల్లలు ఇప్పుడు 60 నుంచి 85 మధ్య, మనవలు 35 నుంచి 60 మధ్య. మీకు కావల్సింది ఆ 70, 80 ఏళ్ల అన్నకొడుకో చెల్లెలి బిడ్డో. ఊళ్లో యువకుల్ని అడిగితే "మా తాత మిలటరీల చేసిండు" అంటారు, ఆ తాత 1965లోనో 1971లోనో చేసిన వేరే మనిషి అవుతాడు. ఏ యుద్ధమో అడక్కండి. "రజాకార్ల కంటే ముందా, తర్వాతా?" అని అడగండి. మన ఊళ్లలో కాలం ఆ గీత దగ్గర చీలుతుంది.

ఎప్పుడు వెళ్లాలి? పెత్రమాస ముందు రోజుల్లో వెళ్లండి. ఆ అమావాస్య నాడు చచ్చిపోయిన పెద్దల పేర్లు చెప్పి బియ్యం ఇస్తారు కదా. పెళ్లికాకుండా పోయిన చిన్నాయన పేరు కూడా కొన్ని ఇళ్లలో ఆ వరసలో పలుకుతూనే ఉంటారు, ఆయన ఎవరో మనవలకి తెలియకపోయినా సరే. "పెద్దలకు ఇచ్చేటప్పుడు ఎవరెవరి పేర్లు తీస్తారు?" అన్న ప్రశ్న "మీ ఇంట్లో ఎవరైనా యుద్ధంలో చనిపోయారా?" అన్నదాని కంటే వంద రెట్లు పనిచేస్తుంది. పైగా పట్నం వెళ్లినవాళ్లు బతుకమ్మకి, దసరాకి దిగుతారు, ఆ పది రోజుల్లోనే అందరూ దొరుకుతారు.

ఇంటిపేరు కోసం కులాన్ని ఆశ్రయించి వంశాలు చెప్పేవాళ్లని కలవండి. కాపు రెడ్లకి వంశరాజులు గోత్రాలు, ఇంటిపేర్లు చెప్తారు. పద్మశాలీలకి కూనపులివాళ్లు, గొల్లలకి మందహెచ్చులవాళ్లు, ఆదిలాబాద్ గోండులకి పర్ధాన్లు. ఏ ఊళ్లో ఏ ఇంటిపేరువాళ్లు ఎన్ని గడపలు, ఎవరు ఎటు వలసపోయారు అన్నది వాళ్లకి నోటికొస్తుంది. ఒక మాట: వాళ్లు చెప్పేది గడప వరకే నమ్మండి, తేదీలు అడక్కండి. వాళ్లని అడిగినందుకు కట్నం ఇవ్వడం మర్యాద, ఖర్చులో రాసుకోండి.

వంశవృక్షం ఎక్కడ దారి తప్పుతుందో చెప్తా. ఇల్లరికం వెళ్లిన తమ్ముడు మామగారి ఊళ్లో ఉంటాడు, కొన్నిచోట్ల పిల్లలు ఆ ఇంటిపేరే పెట్టుకుంటారు. దత్తత పోయిన కొడుకుకి తండ్రి పేరే మారిపోతుంది, "వల్ద్ సాయన్న" కాస్తా "వల్ద్ మల్లయ్య" అవుతుంది. చెల్లెళ్ల పిల్లలు వేరే ఇంటిపేరుతో వేరే ఊళ్లో ఉంటారు. చనిపోయిన మనిషికి పెళ్లయి ఉంటే ఆ భార్య సంగతి ఇంకా సున్నితం. చిన్న వయసులో విధవైన మనిషి మారుమనువు చేసుకుని ఉండొచ్చు. అప్పటి బిడ్డ కొత్త ఇంటిపేరుతో పెరిగి ఉండొచ్చు, ఆ సంగతి తర్వాతి పిల్లలకి తెలియకపోవచ్చు. గుంపులో అది అడగకూడదు. ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉన్నప్పుడు, మీలోంచి కూడా ఒక ఆడమనిషి అడగాలి. చెప్పకపోతే వదిలెయ్యాలి.

కుటుంబ పింఛను ఒక ఆధారం. రెండో ప్రపంచయుద్ధపు వితంతువులకి సాయం ఇచ్చిన జాబితాలు హనుమకొండ సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగొచ్చు. వాయుసేన పింఛన్ల లెక్క ఢిల్లీ సుబ్రతో పార్కులోని వాయుసేన జాయింట్ కంట్రోలర్ దగ్గర, భూసేనదైతే ప్రయాగ్‌రాజ్‌లో. కానీ భార్య మారుమనువు చేసుకుంటే పింఛను ఆగిపోయేది, కాబట్టి జాబితాలో పేరు లేదని భార్యే లేదనుకోవద్దు.

నమ్మకం ఎప్పుడు? మీరు చెప్పకుండా వాళ్ల నోటి నుంచి రెండు వేర్వేరు సంగతులు రావాలి, రెండూ కాగితంతో కలవాలి. తండ్రి పేరు, తమ్ముళ్ల పేర్లు, ఊరు ఇవి ఒక రకం. యూనిఫాం ఫోటో, పతకం, టెలిగ్రాం, మనియార్డరు రశీదు ఇవి ఇంకో రకం. ఒక్కో రకం నుంచి ఒకటన్నా ఉండాలి. ఫోటోలో టోపీ మీది బ్యాడ్జి చూడండి, భూసేన మనిషి ఫోటో వాయుసేన మనిషిదని తెచ్చి ఇవ్వడం జరుగుతుంది, మోసం కాదు, గుర్తులేకపోవడం. అరచేయంత గుండ్రటి కంచు ఫలకం తీసుకొస్తే అది మొదటి ప్రపంచయుద్ధంది, మీ మనిషిది కాదు. పతకం అంచు మీద నంబరు చెక్కి ఉందేమో భూతద్దంతో చూడండి. తోమించకండి, చింతపండు వెయ్యనివ్వకండి, ఉన్న గీతలు పోతాయి. వాళ్లు చెప్పే చనిపోయిన రోజు కాగితం మీది తేదీతో కలవకపోయినా పరవాలేదు. ఇంట్లో గుర్తున్నది టెలిగ్రాం వచ్చిన రోజు.

మొదటి మాటలోనే చెప్పాల్సినవి మూడున్నాయి: డబ్బు రాదు, పింఛను రాదు, భూమి రాదు. ఇది చెప్పకపోతే మూడో రోజుకి ఊళ్లో "కేంద్రం నుంచి లక్షలొస్తున్నయట" అన్న మాట పుడుతుంది, అన్నదమ్ముల బిడ్డలు రెండు వర్గాలవుతారు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జోలికి పోవద్దు, అవి అడిగితే మీరు సైబర్ మోసగాళ్లే అనుకుంటారు, అనుకోవడం సబబే. కమిషన్ పేజీ ప్రింటు ఒకటి పెద్ద అక్షరాల్లో తీసి, మీ ఫోన్ నంబరు చేత్తో రాసి, ఇంట్లో వదిలి రండి. జవాబు పది రోజులకి పట్నంలో ఉన్న మనవడి నుంచి వస్తుంది.

ఒక శాఖ మాట మీదే ఆగకండి. పెద్ద కొడుకు వారసులు దొరికితే రెండో కొడుకు వారసుల్ని కూడా కలిశాకే పేరు ఖాయం చేయండి. ఆవిష్కరణ నాడు వచ్చి "మమ్మల్ని ఎందుకు పిలవలేదు" అనేది ఎప్పుడూ రెండో కొడుకు వారసులే.

---

రికార్డు_గది:

పైదానికి ఒకటి కలుపుతున్నా. తెలిసిన ఇంటిపేరు, తల్లి పేరు, సరైన ఊరు కమిషన్‌కి కూడా పంపండి. కాగితం ఆధారం ఉంటే ఎంట్రీలో చేర్చమని అడగొచ్చు. పేరు చెక్కే విషయంలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, కుటుంబం పలికినట్టే. ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రం కమిషన్ ఎంట్రీలో ఉన్నదే రెండో వరసలో చిన్నగా, నంబరుతో సహా. రెండూ లేకపోతే రేపు సింగపూర్ స్తంభం మీది మనిషి, మీ రాయి మీది మనిషి ఒకరేనని ఎవరూ పోల్చుకోలేరు.

---

మడికొండ_బస్టాప్:

రాయి కరీంనగర్ టాన్ బ్రౌన్ అయితే అక్షరాలు చారల్లో కలిసిపోతాయి, అందులో తెలుగు ఒత్తులు అసలు కనిపించవు. పాలిష్ పట్టిన నల్లరాయి తీసుకుని, చెక్కిన అక్షరాల్లో తెల్లరంగు నింపించండి. చెక్కే ముందు అసలు సైజులో కాగితం ప్రింటు తీసి కుటుంబంతో సంతకం పెట్టించుకోండి. అడుగున ఐదారు వరసల ఖాళీ వదలండి. కుటుంబం ఇంకా దొరకని పేర్లని ఆపొద్దు, కమిషన్ ఎంట్రీలో ఉన్నట్టే చెక్కించి, ఇంటిపేరు చోటు మాత్రం నునుపుగా వదిలేయమనండి. తర్వాత దొరికితే అక్కడే చెక్కొచ్చు.